నైలు గట్టు నుంచి తాతయ్యకు

మలకాల్, దక్షిణ సూడాన్
మాఘమాసం

  

తాతయ్యా, మొన్న ఆదివారం ఫోన్లో నువ్వు అడిగిన మాటకు జవాబు చెప్పేలోపే లైను పోయింది. "ఏరా, నీ మనవడు మిలిటరీలో ఏం చేస్తాడని రచ్చబండ కాడ అడుగుతున్నారు. గొడ్ల డాక్టరంటే, దానికి మిలిటరీ ఎందుకు, మన మండలంలో ఆస్పత్రి లేదా అంటున్నారు. ఏం చెప్పమంటావు?" అన్నావు. ఆ ప్రశ్న రచ్చబండది కాదు, నీదేనని నాకు తెలుసు తాతయ్యా. ఆరేళ్ళుగా నీ నోట్లో నానుతోంది. అమ్మకేమో నేను రోజూ తుపాకీ పట్టుకుని సరిహద్దులో నిలబడతానని భయం. పశువైద్యం చదివి కూడా ఇంటి దగ్గరి సర్కారు ఉద్యోగం కాదనుకున్నానని బాబాయికి బాధ. నానమ్మ ఒక్కతే ఏమీ అడగదు, అన్నం తిన్నావా అంటుంది. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే ఎవరికీ అర్థం కాలేదు, తప్పు వినేవాళ్ళది కాదు. అందుకని ఈసారి కూర్చుని రాస్తున్నాను. సెలవు మీద వెళ్తున్న చిత్తూరు హవల్దారు ఒకాయన ఢిల్లీలో దిగి పోస్టు చేస్తానన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదువు. రచ్చబండ దగ్గర చదివి వినిపించినా నాకు సంతోషమే, ఒక్క ముక్క తప్ప. అదేదో అక్కడికొచ్చాక చెబుతాను.

ముందు నేనున్న చోటు చెప్పాలి. మలకాల్ తెల్లనైలుకు తూర్పు గట్టున ఉంది. ఆ నది పేరు విని పాలలాంటి నీళ్ళనుకుంటాం. కాదు, వానాకాలపు గుండ్లకమ్మ నీళ్ళే. నీళ్ళ మీద గుర్రపుడెక్క దీవులు దీవులుగా తేలుతూ ఉత్తరానికి వెళ్ళిపోతుంటుంది. ఒక్కో దీవి మన కళ్ళమంత ఉంటుంది, దాని మీద కొంగలు కూర్చుని ప్రయాణం చేస్తుంటాయి. నదికి ఎగువన సద్ అని ఒక మహా చిత్తడి ఉంది. అరబ్బీలో ఆ మాటకు అడ్డం అని అర్థమట. యాభై ఏడు వేల చదరపు కిలోమీటర్ల చిత్తడి అది. మన పాత ప్రకాశం జిల్లాలు మూడు కలిపినా అంత కావు. దక్షిణం నుంచి వచ్చే నైలు నీళ్ళలో సగం దాకా ఆ రెల్లులోనే ఎండకు ఆవిరైపోతాయి.

ఆ నీళ్ళు వృథా కాకుండా చిత్తడిని తప్పించి తిన్నగా ఒక కాలువ తవ్వాలని 1978లో మొదలుపెట్టారు. జోంగ్లే కాలువ అంటారు. మూడువందల అరవై కిలోమీటర్లు తవ్వాల్సింది, రెండువందల నలభై తవ్వారు. యుద్ధం వచ్చి 1984లో ఆగిపోయింది. హెలికాప్టర్లో వెళ్తుంటే కింద గీత గీసినట్టు కనిపిస్తుంది, నీళ్ళుండవు. తవ్విన యంత్రం కూడా ఆగిన చోటే ఉండిపోయింది. రంగులరాట్నమంత చక్రం, దాని చుట్టూ మట్టి తోడే తొట్లు, నలభై ఏళ్ళుగా తుప్పు పడుతోంది. సాగర్ కుడికాలువ తవ్వేటప్పుడు గంపలు మోశానని నువ్వు చెబుతావే, ఆ కాలువలో నీళ్ళు వచ్చిన రోజు ఊరంతా గట్టు మీదికి పరిగెత్తిందని చెబుతావే, అది గుర్తొచ్చి ఆ ఎండు కాలువను చూడలేకపోయాను. ఆ కాలువ వస్తే చిత్తడి ఎండిపోయి పశువుల మేత పోతుందని ఇక్కడివాళ్ళు మొదటి నుంచీ భయపడ్డారు. ఆగిపోవడమే మేలైందనేవాళ్ళూ ఉన్నారు. నాకు రెండు బాధలూ అర్థమవుతాయి.

నేల మాత్రం నీకు చూడకుండానే తెలుసు. అచ్చం మన నల్లరేగడి. ఇప్పుడు ఎండకు కాలు దిగేంత నెర్రెలు. మే నెలలో వానలు మొదలైతే బూటు వదలదు, లారీ కదలదు, నెలల తరబడి ఊరికీ ఊరికీ దారి ఉండదు. వచ్చిన మొదటి వానకు మా బండి దిగబడింది. పంజాబు కుర్రాళ్ళు ఇంజను రేసు చేస్తుంటే, ఆపండి, చక్రాల కింద చొప్ప వేయండి అన్నాను. ఇక్కడా చొప్ప జొన్న చొప్పే. అసలు జొన్న పుట్టినిల్లే సూడాను దేశం. అక్కడి మనుషులు ఐదువేల ఏళ్ళ కింద గడ్డి నుంచి దాన్ని పంటగా మలిచారు. అక్కడ నుంచే ఎన్నో చేతులు మారి మన చేలకు వచ్చింది. వీళ్ళు జొన్నపిండి పులియబెట్టి పల్చటి అట్టు పోస్తారు, దాన్ని కిస్రా అంటారు. సంకటి కూడా చేస్తారు, దాని పేరు అసీదా. నానమ్మకు చెప్పు, గోంగూర జాతి కూడా ఉంది. కాకపోతే ఆకు వదిలేసి, ఎర్రటి పూతకాయల రేకులు ఎండబెట్టి, నీళ్ళలో కాచి పంచదార వేసి తాగుతారు. కర్కదే అంటారు. నోట్లో పోసుకోగానే మన పుల్లగోంగూర పులుపు తగిలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇక ఈ దేశం 2011 జులై 9న పుట్టింది. లోకంలో ఇంతకంటే చిన్నవయసు దేశం లేదు. పుట్టిన రెండున్నరేళ్ళకే తమలో తాము కొట్టుకున్నారు. మలకాల్ ఎన్నోసార్లు చేతులు మారింది, మారినప్పుడల్లా కాలింది. ఇళ్ళు పోయినవాళ్ళు వేలమంది మా శిబిరం పక్కనే గుడారాల్లో ఉంటున్నారు. మేం ఐక్యరాజ్యసమితి పంపగా వచ్చిన భారత పటాలం. ఒంటి మీద మన సైన్యం బట్టలే, తల మీద మాత్రం నీలి టోపీ. ఎవరి మీదా యుద్ధానికి రాలేదు. ఆ గుడారాల వాళ్ళ మీదికి ఎవరూ రాకుండా చూడటం, వాళ్ళకు తిండీ మందూ వెళ్ళే దారి తెరిచి ఉంచడం మా పని. మన పటాలంలో మనుషుల ఆస్పత్రి ఒకటి, పశువుల ఆస్పత్రి ఒకటి ఉన్నాయి. రెండోదాంట్లో నేను.

దీనికి మిలిటరీ ఎందుకన్నావు. మన సైన్యంలో పశువైద్యుల దళం 1779 డిసెంబరు 14న పుట్టింది. రైళ్ళు రాకముందు, మోటారు లేకముందు ఫిరంగి లాగింది ఎద్దూ గుర్రమే కదా. ఇప్పటికీ హిమాలయాల్లో దారి ఆగిన చోట నుంచి పైకి బియ్యం, కిరసనాయిలు, గుండ్లు మోసేది కంచరగాడిద. దాని డెక్క చీలితే పైనున్న పదిమందికి ఆ పూట అన్నం లేదు. పాతిన మందుపాతరను వాసనతో పట్టేది కుక్క. దాని ముక్కుకు జబ్బు చేస్తే వెనక నడిచేవాడి ప్రాణం మీదికి వస్తుంది. వాటిని చూసుకునేది మా దళం. నేను రెండేళ్ళు కొండల మీద కంచరగాడిదల వెంట నడిచాను. అప్పుడే నీకు చెప్పి ఉండాల్సింది. గాడిదలకు వైద్యం అంటే నీకు మనసు కష్టమవుతుందేమోనని చెప్పలేదు. చెప్పకపోవడం నాదే తప్పు.

ఇక్కడ సంగతి వేరు. ఇక్కడ వైద్యం మన సైన్యపు పశువులకు కాదు, ఊరివాళ్ళ పశువులకు. ఈ మనుషుల గురించి చెబితే తప్ప నా ఉద్యోగం నీకు అర్థం కాదు, వాళ్ళ గురించి చెబితే నీకు అర్థమైనట్టు ఇంకెవరికీ కాదు.

నది చుట్టూ షిల్లుకులు, డింకాలు, నూయర్లు అని మూడు జాతులవాళ్ళున్నారు. తాటిచెట్లలాంటి మనుషులు. ఆరడుగుల వాడు వాళ్ళలో మామూలు మనిషి కింద లెక్క. మంద కాసేటప్పుడు ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదం మోకాలికి ఆనించి, బల్లెం ఊతగా పట్టుకుని గంటలు గంటలు అలాగే ఉంటారు, కొంగ నిలబడినట్టు. నూయరు మగవాళ్ళ నుదుటి మీద ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఆరు గీతల మచ్చలుంటాయి. వయసొచ్చినప్పుడు కత్తితో గీయించుకునేవారు. షిల్లుకుల నుదుటికి ముత్యాలసరంలా బుడిపెల వరస ఉంటుంది.

పశువే వాళ్ళకు ఆస్తి, పశువే బంధుత్వం. పెళ్ళికి మగపిల్లవాడి వైపువాళ్ళు ఆడపిల్ల తండ్రికి పశువులివ్వాలి. ముప్ఫయ్యో నలభయ్యో, పెద్దింటి పిల్లయితే వంద దాటతాయి. ఆ పశువులు కూడా తండ్రి ఒక్కడే ఉంచుకోడు, మేనమామలకూ చిన్నాన్నలకూ ఇన్నిన్ని అని పంచాలి. కాబట్టి ఒక పెళ్ళి ఆగితే పది కొంపల లెక్క తప్పుతుంది. ఒకడు ఇంకొకణ్ణి చంపితే పెద్దలు కూర్చుని తీర్చే పరిహారమూ పశువుల్లోనే. అంటే తాతయ్యా, మంద చచ్చిపోతే పెళ్ళి ఉండదు, పగకు రాజీ ఉండదు. అప్పుడు కుర్రాళ్ళు పక్క జాతి మంద మీద పడతారు. పూర్వం బల్లేలతో పడేవారు, ఇద్దరో ముగ్గురో పోయేవారు. ఇప్పుడు చేతుల్లో కలాష్నికోవ్‌లున్నాయి. ఊళ్ళకు ఊళ్ళు పోతున్నాయి.

పిల్లలకు పేర్లు కూడా గిత్తల రంగులే. ఇక్కడి జనం కోసం ఇరవై ఏళ్ళు పోరాడిన నాయకుడు జాన్ గరాంగ్ అని చదివే ఉంటావు. ఆయన పూర్తి పేరు జాన్ గరాంగ్ డి మాబియోర్. డింకా భాషలో మాబియోర్ అంటే తెల్లగిత్త. నలుపూ తెలుపూ కలిసిందైతే మజోక్. ఎరుపైతే మలువాల్. రంగుకో పేరు, మచ్చకో పేరు. ప్రతి మగవాడికీ తనదంటూ ఒక గిత్త ఉంటుంది, దాని మీద తనే పాట కట్టి పాడతాడు. సాయంత్రం మందలు తిరిగొచ్చేటప్పుడు నది గట్టున ఆ పాటలు వింటుంటాను. మాటలు తెలియవు కానీ, ఏ గిత్తను చూసి పాడుతున్నాడో వాడి చూపును బట్టి తెలుస్తుంది.

ఇక్కడి పశువు మన ఒంగోలు జాతిలా ఉండదు. మూపురం చిన్నది, ఒళ్ళు పల్చన, పాలు పూటకు లీటరు వస్తే గొప్ప. కొమ్ములు మాత్రం చూసి తీరాలి. రెండు చేతులూ పైకెత్తి చాచినట్టు, వీణ వంపులా ఉంటాయి. కొమ్ము చివర్లకు తోకవెంట్రుకల కుచ్చులు కడతారు. మనం కనుమనాడు రంగులు పూయమూ, అలాగే. పొద్దుగూకగానే ఎండు పేడ కుప్పలు రాజేస్తారు, పొగకు దోమలు రావు. తెల్లారి ఆ బూడిదే పశువు ఒంటికీ, తమ ఒంటికీ పూసుకుంటారు, పళ్ళూ దానితోనే తోముకుంటారు. పొగమంచులాంటి ఆ పొగలోంచి బూడిద పూసుకున్న మనుషులు, కొమ్ముల అడవి లేచి వస్తుంటే మొదటిరోజు నేను మందులపెట్టె దించడం కూడా మరిచిపోయాను.

ఇంకొకటి చూసి ఆగిపోయాను. దూడ చచ్చిన ఆవు ముందు, ఆ దూడ తోలులో గడ్డి కూరి నిలబెట్టి పాలు పిండుతున్నాడు ఒక పిల్లవాడు. మన సావిట్లో నా చిన్నప్పుడు నువ్వు చేసిన పనే. ఎన్నివేల మైళ్ళు తాతయ్యా! వీడికెవరు చెప్పారు, నీకెవరు చెప్పారు?

వీటికి గాలికుంటు వస్తుంది, గొంతువాపు వస్తుంది, వరద వచ్చిన ఏడాది కార్జపు జలగ వస్తుంది, ఊపిరితిత్తులను పట్టే అంటురోగం ఒకటి మందలు మందలుగా తీసుకెళ్తుంది. టీకా వేయడానికి సర్కారు డాక్టర్లు చాలరు, ఉన్నా తుపాకుల మధ్య దారి దొరకదు. గస్తీ దళం వెళ్ళే రోజు వాళ్ళ వెంట నేనూ మందులపెట్టెతో వెళ్తాను. మిగతా రోజులు ఆస్పత్రిలో మేకలు, గొర్రెలు, నీళ్ళబండ్లు లాగే గాడిదలు. ఊరి కుర్రాళ్ళకు సూది వేయడం, పుండు కడగడం, ఏ జబ్బు ఏదో గుర్తుపట్టడం నేర్పుతాం. మేం వెళ్ళిపోయాక మిగిలేది అదే.

నీ చిన్నతనంలో ముసర రోగం వచ్చి మీ నాన్న సావిడి ఒక్క వారంలో ఖాళీ అయిందని చెప్పావు. ఆయన మళ్ళీ నాగలి పట్టడానికి మూడేళ్ళు పట్టిందన్నావు. ఆ రోగం ఈ ఖండానికి 1880ల చివర్లో ఎర్రసముద్రపు తీరాన దిగిన ఒక సైన్యం వెంట వచ్చిన పశువులతో వచ్చింది. పదేళ్ళలో దక్షిణపు కొన దాకా పశువులను ఊడ్చేసింది, వెనకే కరువు మనుషులను తీసుకెళ్ళింది. దానికి టీకా ఒకటి మన దేశంలోనే, హిమాలయాల్లో ముక్తేశ్వర్ పరిశోధనాలయంలో 1920లలో మేకల నుంచి తయారైంది. తర్వాత కెన్యాలో ప్లోరైట్ అనే పశువైద్యుడు ఇంకా మేలైన టీకా చేశాడు. ఆ తర్వాత చల్లపెట్టె లేకపోయినా నిలిచే టీకా వచ్చింది. ఈ దేశంలో యుద్ధం నడుస్తుండగానే, డాక్టర్లు వెళ్ళలేని చోట్లకు పశువుల కాపర్లే ఆ టీకా మోసుకెళ్ళి వేశారు. 2001లో కెన్యాలో చివరిసారి కనిపించి 2011లో ఆ రోగం భూమ్మీద లేదని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి తుడిచేసిన రోగం అదొక్కటే. ఈ దేశం పుట్టిందీ ఆ ఏడే. ఇక్కడి ముసలివాళ్ళకూ ఆ రోగం గుర్తుంది. దాని పేరెత్తితే నీ ముఖంలో వచ్చే మార్పే వాళ్ళ ముఖంలోనూ వస్తుంది.

ఇప్పుడు ఆ ఒక్క ముక్క. అమ్మ వినేటట్టు చదవవద్దు. ఇక్కడ ప్రమాదం లేదని అమ్మకు చెప్పాను, అది పూర్తి నిజం కాదు. 2013 ఏప్రిల్‌లో జోంగ్లే ప్రాంతంలో ఐక్యరాజ్యసమితి బండ్లకు కాపలా వెళ్ళిన మన సైనికులు ఐదుగురు మాటువేసినవాళ్ళ కాల్పుల్లో పోయారు. ఆ డిసెంబరులో అకోబో అనే చోట శరణు కోరి వచ్చిన జనాన్ని కాపాడబోయి ఇద్దరు పోయారు. నేను బయటికి వెళ్ళినప్పుడల్లా నా చుట్టూ కాపలా ఉంటుంది, నా నడుముకూ పిస్తోలు ఉంటుంది. కాల్చాల్సి రాలేదు. నీకు అబద్ధం చెప్పలేక రాశాను. ఇంతవరకే.

కొత్తలో మేం గస్తీకి వెళ్తే ఆడవాళ్ళు పిల్లలను లాక్కుని గుడిసెల్లోకి పోయేవారు. బట్టలూ తుపాకీ చూస్తే వాళ్ళకు గుర్తొచ్చేవి వేరే. ఇప్పుడు మందులపెట్టె దిగితే మందను తోలుకొస్తారు. సూది వేసేలోపు మాటలు వస్తాయి: ఎటు వైపు నీళ్ళెండాయి, ఎవరి మంద ఎవరి మేతలోకి దిగింది, ఏ కుర్రాళ్ళు మాట పట్టింపుల్లో ఉన్నారు. గొడవ పెద్దదయ్యేలోపే మా పెద్దాఫీసరు అక్కడికి పెద్దలను కూర్చోబెట్టడానికి వెళ్తాడు. అన్నిసార్లూ ఆగదు. ఆగిన రోజు నాకు నిద్ర బాగా పడుతుంది.

పోయిన వారం ఒక డింకా ముసలాయన రెండు రోజులు నడిచి ఒక గిత్తను తోలుకొచ్చాడు. కొమ్ము మొదట్లో విరిగి, పుండులో పురుగులు పడ్డాయి. నిలబడలేక తూలుతోంది. మత్తుసూది వేసి, విరిగిన ముక్క తీసి, కడిగి కట్టు కట్టేసరికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ ఆయన దాని గంగడోలు నిమురుతూ చెవిలో ఏదో చెబుతూనే ఉన్నాడు. పనయ్యాక దుబాసీ చేత నన్ను అడిగించిన మొదటి మాట, నీకు ఎన్ని పశువులు అని. మా తాతకు రెండు జతల గిత్తలు, మూడు ఆవులు అన్నాను. ఫోన్లో బండలాగుడు పోటీనాడు ఆరుపళ్ళ విభాగంలో మన తెల్లదాని ఫొటో చూపించాను. "మాబియోర్!" అన్నాడు వెంటనే. అద్దం మీద వేలితో దాని మూపురం తడిమాడు. చాలాసేపు చూశాడు. ఇంత గిత్తకు కొమ్ములెందుకింత పొట్టి అన్నాడు. మా జాతే అంత, ఆ జాతి సముద్రం దాటి బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో కోట్లలో పెరుగుతోందని చెప్పాను. అది ఆయనకు పట్టలేదు. నువ్విక్కడుంటే దాన్ని ఎవరు చూస్తున్నారు అన్నాడు. మా తాత అన్నాను. తల ఊపి, తన బూడిద చేతిని నా తల మీద పెట్టాడు. దుబాసీ ఆ మాట నాకు ఇలా చెప్పాడు: "నీ తాత తన మందను చూసుకుంటూ, మా మంద కోసం నిన్ను పంపాడు."

ఆరేళ్ళుగా నేను మీకు చెప్పలేనిది ఆయనకు చెప్పాల్సిన అవసరమే రాలేదు. రచ్చబండ దగ్గర ఎవరైనా అడిగితే ఆ ముసలాయన మాటే చెప్పు.

వెళ్తూ వెళ్తూ ఆయన నన్ను ఒక పరీక్ష పెట్టాడు. తన మందను చూపించి మీ భాషలో రంగుల పేర్లు చెప్పమన్నాడు. కర్రి, మైల, పుల్ల, బొల్లి, కపిల, నీ దగ్గర నేర్చుకున్నవన్నీ చెప్పాను. ఒకదాని దగ్గర ఆగిపోయాను. ఒళ్ళంతా బూడిదరంగు, మెడ నుంచి తోక దాకా వీపు మీద తెల్లచార, రెండు చెవులూ నలుపు. నాకు తెలియదు, మా తాతను అడిగి చెబుతానన్నాను. కట్టు విప్పించడానికి పున్నమి దాటాక వస్తాడు. ఆ రంగును మనవాళ్ళు ఏమంటారో, నీకు తట్టకపోతే పాత కాపులను ఎవరినైనా అడిగి, ఫోన్లో చెప్పు. మన తెల్లదాని కుడిజబ్బ మీది కాడిపుండు మానిందా లేదా కూడా చెప్పు. మానకపోతే కాడి పెట్టవద్దు, పోటీలకు అసలే వద్దు.

నానమ్మకు చెప్పు, అన్నం తింటున్నాను.

నీ మనవడు